చివరి పట్టె

మా చెల్లెల్ని చుట్టుపక్కల అందరూ గడ్డిరాణి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. పెట్టినందుకు నాకేం బాధ లేదు. ఏది వేసినా విరగకాసే నాలుగెకరాల నేలను పట్టుబట్టి గడ్డికి వదిలేసిన మనిషిని మరేమని పిలవాలి?

మా పొలం రెండు ముక్కలు. ఇంటి వెనక ఎత్తు మీద ఉన్న ఎనిమిదెకరాలు నేను చేస్తాను. రెండోది పల్లం, నాలుగెకరాలు. ఇంటి ముందు మెట్ల మీద కూర్చుంటే కళ్లెదురుగా ఉంటుంది. చెల్లెలు పట్నంలో విత్తనాలు పరీక్షించే ఆఫీసులో ఉద్యోగం చేసేది. పదేళ్లు భూతద్దంలో గింజలు చూసి చూసి బుర్ర చెడిందో ఏమో, ఒకరోజు ఉద్యోగం మానేసి సంచితో ఇంటికొచ్చి, పల్లం తనకిమ్మని నాన్నను అడిగింది. నాగలి దిగకముందు ఈ నేలలో ఏ గడ్డి ఉండేదో ఆ గడ్డినే మళ్లీ పెంచుతుందట. గడ్డి వస్తే పురుగు వస్తుందట, పురుగు వస్తే పిట్ట వస్తుందట. నాన్న నవ్వి పొమ్మంటాడనుకున్నాను. ఆయన జన్మలో ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చిన మనిషి కాదు. ఆ రోజు ఏ పురుగు కుట్టిందో గానీ, "మూడేళ్లు చేసుకో. అప్పటికీ ఏమీ రాకపోతే మీ అన్నయ్య దున్నుకుంటాడు" అన్నాడు, నా ఎదుటే. ఆ మాటను నేను భద్రంగా మనసులో దాచుకున్నాను.

అది పడ్డ పాట్లు చెబితే మీరూ నవ్వుతారు. రైలు కట్ట పక్కన, శ్మశానం గోడ వెంబడి, పూడిపోయిన బావి చుట్టూ, అంటే దున్నడం ఎవరికీ గుర్తురాని చోట్లన్నీ తిరిగి గింజలు ఏరుకొచ్చింది. దగ్గర్లో తుమ్మితే ఎగిరిపోయేంత సన్నం గింజలు. వాటిని ఇసుకలో కలిపి చల్లి, చెప్పులు విప్పి, నాలుగెకరాలూ పాదాలతో తొక్కింది. ఎరువు మాత్రం వెయ్యదు. ఎరువేస్తే కలుపు బలుస్తుందట, బక్కనేలలోనే ఈ గడ్డి బతుకుతుందట. నేలను బక్కచేయడానికి ఒళ్లు హూనం చేసుకునే మనిషిని నేను అప్పుడే చూశాను. మొదటి ఏడు అంతా కలుపే వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మొక్కనీ తిప్పి చూసి, కావలసింది ఉంచి అక్కర్లేనిది పీకింది. నేను ట్రాక్టర్ మీద పోతూ "రాణీగారూ, పంట ఎలా ఉంది?" అని అరిచేవాణ్ని. తలెత్తకుండానే చెయ్యూపేది.

రెండో ఏడు నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. ఉన్న మాటల్లో ఒక్కటే మిగిలింది: కాదు. అన్నం పెడితే కాదు, చొక్కా మారిస్తే కాదు, దుప్పటి కప్పినా కాదే.

"మామయ్యగారు బాగున్నప్పుడూ ఎక్కువగా వాడింది ఈ మాటేగా. అదే మిగిలింది" అంది మా ఆవిడ. దాని నోటికి హద్దు లేదు, కానీ అన్నది నిజమే.

నాన్న పనులన్నీ చెల్లెలే చేసేది. స్నానం చేయించడం, మందులు వెయ్యడం, కాళ్లూ చేతులూ రుద్దడం. సాయంత్రం కాగానే చక్రాల కుర్చీని ముందు మెట్ల దగ్గరికి తోసుకొచ్చి, పల్లం వైపు తిప్పి, తను పక్కన మెట్టు మీద కూర్చునేది.

నేను పైచేలో పని ముగించుకుని వచ్చేసరికి పొద్దు వాలేది. ట్రాక్టర్‌ను ఇంటి మలుపు తిప్పి ఇంజన్ ఆపేసరికి రోజూ కనిపించేది ఒకటే. నాన్న ఎడమచెయ్యి గాలిలోకి లేచి పల్లం వైపు చాచి ఉండేది. కళ్లనిండా నీళ్లు. "కాదు, కాదు" అంటూ ఉండేవాడు. ఒకప్పుడు గట్టు మీద కూడా కలుపు మొలవనిచ్చే మనిషి కాదాయన. పొలంలో ఎక్కడైనా ముళ్లమొక్క కనిపిస్తే కూలీలందరి ముందూ నా చెవి పట్టుకుని అక్కడిదాకా ఈడ్చుకెళ్లి చూపించేవాడు. అలాంటి మనిషిని రోజూ ఆ బీడు ముందు కూర్చోబెట్టి చూడమంటోంది ఇది. తన పొలం పాడవడం కళ్లారా చూస్తూ, చెప్పుకోవడానికి నోరు లేక, చెయ్యెత్తి నాకు చెబుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్లకు నాన్నకు నేను కావలసి వచ్చానని లోలోపల పొంగిపోయాను కూడా.

మూడో ఏడు పిట్టలొచ్చాయి.

పూరేడు పిట్టలు. అరచేతిలో పట్టేంత ఉంటాయి, ఎండుగడ్డి రంగు. ఎగరడమంటే బద్ధకం, నేల మీదే పరుగు, నేల మీదే గూడు. నా చిన్నప్పుడు ఉండేవి, తర్వాత మాయమయ్యాయి. పోయాయని కూడా నేను ఎప్పుడూ అనుకోలేదు. ఒకరోజు భోజనాల దగ్గర చెల్లెలు చెప్పింది, పల్లం నడిమధ్యలో పెట్ట పొదుగుతోందని. నలభై దగ్గరపడుతున్న మనిషి, పిట్ట గుడ్లకు కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. నెల తిరక్కుండానే మళ్లీ భోజనాల దగ్గరే ఆ మాటెత్తింది.

"గురువారం పక్షుల సంఘం మేడం వస్తుంది. పెట్టనీ పిల్లల్నీ ఆవిడ కళ్లతో చూస్తే చాలు అన్నయ్యా, పల్లాన్ని పిట్టల నేల అని రాసేస్తారు. ముప్పై ఏళ్లు ఎవరూ నాగలి పెట్టకూడదు."

"చూడకపోతే?"

"చూస్తుంది. పిల్లలు దిగి వారమైంది. ఇంకా ఎగరలేవు, ఎక్కడికీ పోవు."

ఆ మేడం పోయినసారి వచ్చినప్పుడు మెడలో దుర్బిణీ వేలాడేసుకుని మా ఆవిడ ఆరేసిన బట్టల్ని కూడా పరీక్షగా చూసింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆవిడ దుర్బిణీ మేడం.

"ఇంకో మాట," అంది చెల్లెలు. "నెలాఖరుకు పిల్లలకు రెక్కలొస్తాయి. అప్పుడు ఒక్కసారి గడ్డి కోసిపెట్టాలి నువ్వు. కోయకపోతే ముళ్లపొదలు లేస్తాయి. కానీ నేను చెప్పినట్టు కొయ్యాలి." తిన్న కంచంలోనే వేలితో గీసి చూపించింది. "ఇదిగో, నడిమధ్యలో మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ బయటికి రావాలి. లోపలున్నవన్నీ గట్టు దాటి పొదల్లోకి పారిపోతాయి. గట్టు నుంచి లోపలికి వచ్చావనుకో, ప్రతి చుట్టుకీ అన్నీ మధ్యకే జరుగుతాయి. ఆఖరికి పోవడానికి చోటుండదు."

"నాన్న నేర్పింది గట్టు నుంచి లోపలికేగా."

"అందుకే చెబుతున్నా," అంది, కంచం తీసుకుని లేస్తూ.

దాని మనసులో ఏముందో నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద సంబరం చివరి పట్టె. నాన్న మిషనుతో గట్టు నుంచి చుట్టూ కోసుకుంటూ లోపలికి వచ్చేవాడు. నడిమధ్యలో నాలుగు బారల వెడల్పు గడ్డి మిగిలేసరికి ఆపి ఈల వేసేవాడు. ఇంటిల్లిపాదీ కర్రలు పట్టుకుని ఆ పట్టె చుట్టూ నిలబడాలి. తర్వాత మిషను ఆ పట్టెలోకి దూరేది. కుందేళ్లు, పూరేళ్లు, ఎలుకలు, పాములు, పొలంలో ఉన్నదంతా ఆ పట్టెలోంచి ఒక్కసారిగా బయటికి దూకేది. నాకు పదేళ్లప్పుడు కాళ్ల మధ్యలోంచి పోతున్న కుందేలును ఒక్క దెబ్బకు పడగొట్టాను. నాన్న మిషను దిగి వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసి, "చెయ్యి పడిందిరా నీకు" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. చెల్లెలికప్పుడు ఏడేళ్లు. కర్ర పడేసి చెవులు మూసుకుంది. నాన్న చెంప పగలగొట్టి, చచ్చినవాటన్నిటినీ గౌనులో వేసుకుని ఇంటిదాకా మోయమన్నాడు. ఇల్లు చేరేసరికి గౌనంతా నెత్తురు. నేను పడీ పడీ నవ్వాను.

గురువారం పొద్దున్నే చెల్లెలు దుర్బిణీ మేడంను తీసుకురావడానికి రైలు స్టేషనుకు బయల్దేరింది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. నాన్నని కాస్త చూసుకో అన్నయ్యా" అంది.

"నిక్షేపంగా వెళ్లిరా," అన్నాను.

బస్సు కనుమరుగయ్యేదాకా ఆగి, షెడ్డులోంచి ట్రాక్టర్ తీసి వెనక గడ్డి కోసే మిషను తగిలించాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"నెలాఖరుకు కదా కొయ్యమంది?"

"నెలాఖరుకు ముప్పై ఏళ్లు పోతాయి."

"పాపం ఆ పిల్ల మూడేళ్లు..."

"నాన్న మొహం చూస్తున్నావా రోజూ? ఆయన కళ్లలో నీళ్లు కనిపించడం లేదా నీకు?"

ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు అనుమతిలాగే అనిపించింది.

గట్టు దగ్గర మొదలుపెట్టాను. గడ్డి నడుములదాకా ఉంది, కింద తేమ. మిషను కత్తులు పడగానే వాసన గుప్పుమంది. ఒక చుట్టు, రెండు చుట్లు. మిడతలు మొహం మీద పడుతున్నాయి. ఎనిమిదో చుట్టుకి ముందు గడ్డి కదలడం కనిపించింది, గాలి లేకుండానే. నేను గుండ్రంగా వస్తున్నకొద్దీ ఆ కదలిక లోపలికి జరుగుతోంది. నాలో పదేళ్ల పిల్లాడు లేచి కూర్చున్నాడు. ఒళ్లంతా హుషారు. అబద్ధమెందుకు, ఆ పూట ఉన్నంత ఆనందంగా నేను చాలా ఏళ్లుగా లేను.

నడుమ నాలుగు బారల పట్టె మిగిలింది. ఇంజన్ ఆపి ఇంటికి నడిచాను. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి, కోసిన మోళ్ల మీదుగా తోసుకొచ్చాను. చక్రాలు ఎగిరెగిరి పడుతుంటే ఆయన తల ఊగిపోయింది. పట్టె చివర కుర్చీ నిలబెట్టి బ్రేకు వేసి, ఎడమచేతిలో కర్ర పెట్టాను. వేళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి.

"చివరి పట్టె నాన్నా. గుర్తుందా? నీ పొలం నీకు శుభ్రం చేసి ఇస్తున్నా."

ఆయన కర్ర వైపు చూశాడు, పట్టె వైపు చూశాడు. కాదు అని మాత్రం అనలేదు.

మిషను పట్టెలోకి దూరింది. ఒక కుందేలు దూకి పారిపోయింది. కప్పలు, ఎలుకలు. ఆఖరి చివర్లో, నాన్న కుర్చీకి ఎదురుగా, పెట్ట బయటికొచ్చింది. ఎగరగలిగీ ఎగరలేదు. రెక్కలు నేలకు రాసుకుంటూ, వెనక పిల్లల్ని పిలుచుకుంటూ, పరిగెడుతూ ఆగుతూ కుర్చీ పక్కగా వస్తోంది. నాన్న చెయ్యి లేచింది. ఏడాదిగా చెంచా సరిగ్గా పట్టని చెయ్యి. ఒక్క దెబ్బ, గురి తప్పలేదు.

"చెయ్యి పడింది నాన్నా!" అని ట్రాక్టర్ మీదే లేచి నిలబడి కేకేశాను. ఆయన మాట ఆయనకే తిరిగిచ్చాను. పిల్లలు వెనక్కి తిరిగి గడ్డిలోకే దూరాయి. ఆ గడ్డిని నేను కోసేశాను.

వాళ్లిద్దరూ బస్సు దిగి వచ్చేసరికి కుర్చీ ఇంకా పొలంలోనే ఉంది. దుర్బిణీ మేడం గట్టు మీద ఆగి, అలవాటు కొద్దీ దుర్బిణీ కళ్లకు పెట్టుకుని, మళ్లీ దించేసింది.

"కోసేశారేమిటండీ?" అంది.

"పొలమన్నాక కొయ్యమాండీ?" అన్నాను.

"నేను చూసింది మాత్రమే రాయగలనమ్మా," అంది ఆవిడ చెల్లెలితో, మెల్లగా. "ఇక్కడ రాయడానికేమీ లేదు." సంచిలోంచి కాగితాలు తియ్యనే లేదు. తిరుగు బస్సెప్పుడని అడిగింది.

చెల్లెలు మోళ్లమీద నడుచుకుంటూ కుర్చీదాకా వెళ్లింది. కింద చూసింది. ఏడుస్తుందని, నన్ను తిడుతుందని, మట్టి తీసి మొహాన కొడుతుందని ఎదురుచూశాను. దేనికైనా సిద్ధంగానే ఉన్నాను.

"నాన్న చేతిలో ఆ కర్రేంటి?" అని అడిగింది.

"నీ పిట్టను కొట్టింది నేను కాదు. నాన్నే," అన్నాను. అంటున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. దాన్ని దాచుకోలేదు.

చెల్లెలు ఆయన వేళ్లు ఒక్కొక్కటే విప్పి కర్ర తీసింది. కుర్చీని ఇంటికి తోసుకెళ్లి, బేసినులో నీళ్లు తెచ్చి, ఆయన చెయ్యి కడిగింది. వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, చాలాసేపు. మా ఆవిడ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి నా వైపు చూడటం మానేసింది.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే కుర్చీని మెట్ల దగ్గర పెట్టింది. నేను పైచేకు పోలేదు. నాన్న మొహంలో సంతోషం చూడాలని వచ్చి పక్కనే కూర్చున్నాను. ఎదురుగా పల్లం చాపలా పరిచినట్టుంది, శుభ్రంగా. ఆయన పొలాన్ని చూడలేదు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. పొద్దు వాలింది. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. చెయ్యి లేవలేదు. కాసేపటికి నా వైపూ చెల్లెలి వైపూ చూసి, మళ్లీ చెవి పల్లం వైపు పెట్టాడు.

"ఏం కావాలి ఆయనకి?" అన్నాను.

"మగపిట్ట కూత," అంది చెల్లెలు. "రోజూ ఈ వేళకు కూసేది. మూడు ముక్కలుగా, ఆగి ఆగి. నాన్న నవ్వేవాడు."

"నవ్వడమా? కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నేను చూడలేదా? చెయ్యెత్తి..."

"నువ్వొచ్చేసరికి. నీ ట్రాక్టర్ చప్పుడికి అది కూత ఆపేసేది. ఆపెయ్యమని చెయ్యెత్తేవాడు నీకు. కాదు, కాదు అనేవాడు." గొంతు పెంచలేదు, నా వైపు తిరగనూ లేదు. "ట్రాక్టర్ మీద ఉన్నవాడికి పిట్ట కూత ఎలా వినపడుతుందిలే."

పాడు బుద్ధి కాబట్టి, అప్పుడు కూడా ముందు తోచింది సరిదిద్దే మార్గమే. గూళ్లు లెక్కపెట్టడానికి చెల్లెలు అచ్చం ఆ పిట్టలాగే ఈల వేసేదని మా ఆవిడ చెప్పింది. ఆ ఈల వేస్తే మగపిట్ట పొదల్లోంచి బదులిచ్చేదట.

"నువ్వు వెయ్యగలవుగా. ఒక్కసారి వెయ్యి. ఆయన కోసం," అన్నాను.

చెల్లెలు అప్పుడు నా వైపు తిరిగింది. ఏడేళ్లప్పుడు గౌను పట్టుకుని నడుస్తూ ఎలా చూసిందో అలా చూసింది.

"నీకు నోరుందిగా అన్నయ్యా. నువ్వే కుయ్యి."

మర్నాడు నాన్న గడ్డం గీసి, గోళ్లు కత్తిరించి, ఏ మందు ఎప్పుడో కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించి, వచ్చినప్పటి సంచితోనే వెళ్లిపోయింది. ఎక్కడో ఎవరిదో బంజరు ఉందట, అక్కడ గింజలు చల్లుతోందట. ఉత్తరం లేదు, ఫోను లేదు.

పల్లం దున్నాను. మూడేళ్లు ఎరువు లేని నేల కదా, ఏం పండుతుందిలే అనుకున్నాను. చేను మనిషెత్తు లేచింది. చూసినవాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. వినవలసినవాడు మాత్రం చెవి పక్కకు పెట్టి వేరేదాని కోసం వింటూ కూర్చున్నాడు.

ఇప్పుడు స్నానం, మందులు, మర్దన నా పనే. సాయంత్రం ట్రాక్టర్ ముట్టుకోను. మొదట ఫోనులో పూరేడు కూత వెతికి పెట్టాను. నాన్న ఫోను వైపు చూసి "కాదు" అన్నాడు. తర్వాత మెట్ల పక్కనున్న నీళ్ల తొట్టి వెనక దాక్కుని ఈల వెయ్యడం మొదలుపెట్టాను. నలభై దాటిన మనిషిని, తొట్టి వెనక గొంతుక్కూర్చుని పిట్టలా కూస్తున్నాను. మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. మూడు ముక్కలు, ఆగి మళ్లీ మూడు ముక్కలు. "కాదు," అనేవాడు. నెల గడిచింది, చలికాలం గడిచింది. రోజూ అదే మాట.

మొన్న కుదిరింది. నాలుక ఎక్కడ ఆనాలో అక్కడ ఆనింది. నా చెవికే ఒళ్లు జలదరించింది, నిజం పిట్టే అనిపించింది. మళ్లీ వేశాను, మళ్లీ అలాగే వచ్చింది. కుర్చీ వైపు నుంచి కాదు అన్న మాట రాలేదు. తొట్టి పక్కనుంచి తల బయటపెట్టి చూశాను.

నాన్న తల వంచి వింటున్నాడు. కళ్లు వెలుగుతున్నాయి. ఎడమచెయ్యి మాత్రం కుర్చీ పక్కకు జారి, కింద నేలంతా తడుముతోంది. వేళ్లు తెరుచుకుంటూ, బిగుసుకుంటూ, కర్ర కోసం వెతుకుతున్నాయి.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏం కావాలంటున్నారు మామయ్యగారు?"

"నీళ్లు," అన్నాను.

గ్లాసు తెచ్చి ఆయన చేతికి అందించింది.

"కాదు," అన్నాడు నాన్న.